చుక్కలు కలిపితే బొమ్మ రావాలంటే: ఏ చుక్క ఎక్కడ పడాలి?

సంక్షిప్తంగా: ఫొటోనో, గీసిన బొమ్మనో "చుక్కలు కలపండి" పజిల్‌గా మార్చేటప్పుడు చుక్కలకు అంకెలు వేసే పని సాఫ్ట్‌వేర్ క్షణంలో చేసేస్తుంది. కష్టమంతా అంతకుముందే ఉంది. ఫొటోలోంచి ఒంటి గీత రాబట్టాలి, ఆ గీత మీద ఏ వంపు దగ్గర ఎన్ని చుక్కలు ఉండాలో తేల్చాలి, అంకెలు ఒకదాని మీద ఒకటి పడకుండా చోటు చూడాలి. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఈ పని ఎలా జరుగుతుంది, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నదే ఈ వ్యాసం.

ఏఐ గీసిన పజిల్ ఎందుకు పనికిరాదు

"రామచిలుక బొమ్మతో చుక్కల పజిల్ గీసివ్వు" అని ఏఐని అడిగితే చూడటానికి ముచ్చటైన బొమ్మే వస్తుంది. పెన్సిల్ పట్టుకుని కలపడం మొదలుపెడితే గుట్టు బయటపడుతుంది. 14 తర్వాత 17 ఉంటుంది, 9 రెండుచోట్ల కనిపిస్తుంది, 23 ఎంత వెతికినా దొరకదు. కొన్నిసార్లు చుక్కల మధ్య గీత ముందే గీసి ఉంటుంది.

దీనికి కారణం బొమ్మ తయారయ్యే పద్ధతిలో ఉంది. బొమ్మలు గీసే ఏఐ చివరికి ఇచ్చేది పిక్సెళ్లు, అంటే రంగుల గళ్లు. ఆ గళ్లలో చుక్క లాంటిది ఉంటుంది, అంకె లాంటిది ఉంటుంది. "ఈ చుక్క తర్వాత ఆ చుక్క" అన్న వరుస మాత్రం ఎక్కడా ఉండదు. పజిల్‌కు ప్రాణం ఆ వరుసే.

ఇంక్‌స్కేప్, కోరెల్‌డ్రా, ఇల్లస్ట్రేటర్ లాంటి వెక్టర్ సాఫ్ట్‌వేర్లలో గీత పిక్సెళ్ల గుంపుగా కాక, వరుసగా పేర్చిన బిందువుల పట్టీగా ఫైల్‌లో ఉంటుంది. ఆ బిందువులనే నోడ్‌లు అంటారు. మొదటి నోడ్ ఏది, దాని తర్వాతది ఏది అన్నది ఫైల్‌లోనే రాసి ఉంటుంది కాబట్టి అంకెలు వేయడమంటే ఆ పట్టీని మొదటి నుంచి చివరిదాకా చదవడమే. ఏఐ బొమ్మను నమూనాగా కింద పెట్టుకుని దాని మీద వెక్టర్ గీత గీసుకోవచ్చు. ఆ బొమ్మనే పజిల్‌గా పిల్లల చేతికి ఇవ్వకూడదు.

సమాచారమంతా వంపుల్లోనే

అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడ్ అట్నీవ్ 1954లో ఒక నిద్రపోతున్న పిల్లి బొమ్మను చూపించాడు. పిల్లి అంచు గీత బాగా వంపు తిరిగే 38 చోట్ల చుక్కలు పెట్టి, వాటిని తిన్నని గీతలతో కలిపాడు. ఒక్క వంపు గీత కూడా లేకపోయినా అది పిల్లేనని చూడగానే తెలిసిపోతుంది. బొమ్మ అంచులో మన కంటికి అందే సమాచారం అంతటా ఒకేలా పరుచుకుని ఉండదని, వంపు ఎక్కువగా ఉన్నచోట పోగుపడి ఉంటుందని ఆయన వాదన. ఆయన చుక్కల పజిళ్ల కోసం చేసిన పని కాకపోయినా, పజిల్ తయారీకి ఇంతకంటే పనికొచ్చే సూత్రం మరొకటి లేదు.

కొత్తగా చేసేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. గీత పొడవునా సెంటీమీటరుకో చుక్క చొప్పున సమానంగా పెట్టేస్తారు. అలా పెడితే చిలుక వీపు మీద అక్కర్లేని చుక్కలు పది పడతాయి, ముక్కు కొన మీద ఒక్కటీ పడకపోవచ్చు. ముక్కు కొన మీద చుక్క లేకపోతే దానికి అటూ ఇటూ ఉన్న చుక్కలు నేరుగా కలిసిపోయి చిలుక కాస్తా పావురమవుతుంది.

ఎంత దూరానికి ఒక చుక్క?

రెండు చుక్కల్ని తిన్నని గీతతో కలిపినప్పుడు ఆ గీత అసలు వంపుకు కొంత లోపలగా పోతుంది. ఆ తేడా ఎంతన్నది హైస్కూలు జ్యామితితోనే లెక్క కట్టవచ్చు. చుక్కల మధ్య దూరాన్ని వర్గం చేసి, వంపు వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే దాదాపుగా వస్తుంది. ఎ4 కాగితం మీద పెద్ద బొమ్మకు 1 మి.మీ. తేడా కంటికి ఆనదు. 3 మి.మీ. అయితే గుండ్రని తల పలకలు పలకలుగా కనిపిస్తుంది.

తేడా 1 మి.మీ. దాటకూడదనుకుంటే, 80 మి.మీ. వ్యాసార్థం ఉన్న వీపు వంపు మీద చుక్కలు 25 మి.మీ. ఎడంగా ఉన్నా సరిపోతుంది. 20 మి.మీ. వ్యాసార్థం ఉన్న తల దగ్గర దూరం 12 లేదా 13 మి.మీ.కు తగ్గాలి. 5 మి.మీ. వ్యాసార్థంతో మలుపు తిరిగే ముక్కు దగ్గర 6 మి.మీ. చాలు. వంపు నాలుగింతలు పెద్దదైతే చుక్కల ఎడం రెండింతలే పెరుగుతుందన్నమాట.

సుమారు 18 సెం.మీ. ఎత్తున్న చిలుక బొమ్మకు ఈ లెక్కన చుక్కలు ఇలా పంచవచ్చు: ముక్కుకు 7, తలకు 5, వీపుకు 4, తోకకు 6, కాళ్లకు 8, పొట్టకూ ఛాతీకీ కలిపి 6. మొత్తం 36. తోక అంచు తిన్నగా ఉంటుంది కాబట్టి జ్యామితి ప్రకారం రెండు చివర్లా రెండు చుక్కలుంటే చాలు. కానీ పదేళ్లలోపు పిల్లలకు తర్వాతి అంకె చూపుకు అందేంత దూరంలో ఉండాలి. 6 సెం.మీ. దాటిన ఖాళీలో మధ్యన ఇంకో చుక్క వేయడం మంచిది.

దూరానికి కింది హద్దు కూడా ఉంది, దాన్ని నిర్ణయించేది అంకె వెడల్పు. 10 పాయింట్ల అక్షర పరిమాణంలో ఒక్కో అంకె దాదాపు 2 మి.మీ. వెడల్పు ఉంటుంది. రెండంకెల సంఖ్యకు 4, మూడంకెల సంఖ్యకు 6 మి.మీ. కావాలి. చుక్కకూ ఖాళీకీ ఇంకో 2 మి.మీ. కలిపితే మూడంకెల సంఖ్యలున్నచోట చుక్కల మధ్య కనీసం 8 మి.మీ. ఉండాలి. బొమ్మ అంచు చుట్టుకొలత 80 సెం.మీ. అనుకుని, అంతటా 8 మి.మీ. ఎడం ఉంచితే ఎ4 కాగితంలో 100 చుక్కలకు మించి ఇమడవు. అంతకంటే ఎక్కువ కావాలంటే అంకెల సైజు తగ్గించాలి, లేదంటే ఎ3 కాగితానికి మారాలి. పెద్దల కోసం వచ్చే వందల చుక్కల పజిళ్లలో అంకెలు అంత సన్నగా ఉండటానికి కారణం ఇదే.

ముక్కు దగ్గర రెండు హద్దులూ ఢీకొంటాయి. వంపు 6 మి.మీ. దూరం అడుగుతుంటే రెండంకెల సంఖ్యకూ సరిగ్గా అంతే చోటు కావాలి. దీనికి ఒక మంచి ఉపాయం ఉంది: అన్నిటికంటే ఇరుకైన చోటే 1తో మొదలుపెట్టడం. అప్పుడు 1 నుంచి 7 దాకా ఒంటి అంకెలు ముక్కు మీద పడతాయి, చోటు చాలుతుంది. నష్టమేమిటంటే మొదటి ఏడు చుక్కలకే ఇది చిలుక అని తేలిపోతుంది. ఐదారేళ్ల పిల్లలకు అది ఉత్సాహమే. కాస్త పెద్దవాళ్లకైతే కాళ్ల దగ్గర మొదలుపెట్టి, ముక్కు అంకెల్ని వంపుకు బయటివైపు విసనకర్రలా పరచడం మేలు.

ఫొటోలోంచి ఒంటి గీత

అన్నిటికంటే ముందు ఫొటో ఎంపిక. పక్క నుంచి తీసినది, నీడలా నల్లగా ఊహించుకున్నా ఫలానాదని తెలిసిపోయేది కావాలి. ఎదురుగా తీసిన ఏనుగు ఫొటో పజిల్‌కు పనికిరాదు, తొండం శరీరం లోపలే ఉండిపోతుంది కాబట్టి. పక్క నుంచి తీస్తే తొండం, తోక అంచులోకి వస్తాయి.

ఎవరి ఫొటో అన్నదీ చూసుకోవాలి. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు దాన్ని తీసినవారి జీవితకాలమంతా, వారు చనిపోయాక మరో 60 ఏళ్ల దాకా రక్షణ ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో అంచును ఉన్నదున్నట్టు దిద్ది పుస్తకంగా అమ్మితే చిక్కులు రావచ్చు, కార్టూన్ పాత్రలైతే మరీను. సొంతంగా తీసిన ఫొటో, లేదా రెండు మూడు ఫొటోలు చూసి విడిగా గీసిన రేఖ అన్నిటికంటే క్షేమం.

ఇంక్‌స్కేప్‌లో పాత్ మెనూ కింద ట్రేస్ బిట్‌మ్యాప్ అనే సదుపాయం ఉంది. నలుపు తెలుపుల హద్దు వెంబడి అదే గీత గీసిపెడుతుంది. దీనితో రెండు ఇబ్బందులు. ఫొటోను నేరుగా ఇస్తే ఈకల మధ్య నీడలన్నిటికీ విడివిడిగా అంచులు గీసి వేల నోడ్‌లు ఇస్తుంది. రేఖాచిత్రం ఇస్తే గీతకు రెండు వైపులా గీస్తుంది. ఎందుకంటే సాఫ్ట్‌వేర్ కంటికి 1 మి.మీ. మందమున్న గీత ఒక సన్నని పట్టీ, దానికి లోపలి అంచు ఒకటి, బయటి అంచు ఒకటి ఉంటాయి. దానికి అంకెలు వేస్తే ప్రతి చుక్క పక్కనా ఇంకో చుక్క, ప్రతి అంకె మీదా ఇంకో అంకె పడి పేజీ అంతా కలగాపులగం అవుతుంది.

విరుగుడు తేలికే. ట్రేస్ చేసే ముందు బొమ్మ లోపలంతా నలుపు నింపేయాలి. నీడబొమ్మకు ఒకే అంచు ఉంటుంది. మిగిలిపోయిన చిన్న ముక్కల్ని పాత్ మెనూలోని బ్రేక్ అపార్ట్‌తో విడగొట్టి చెరిపేయవచ్చు. ఇంక్‌స్కేప్ 1.0 నుంచి ట్రేస్ పద్ధతుల్లో గీత నడిమధ్య నుంచి ఒకే రేఖ తీసే సెంటర్‌లైన్ ట్రేసింగ్ కూడా ఉంది. గీతలు ఒకదాన్ని ఒకటి దాటేచోట అది తరచూ తెగిపోతుంది కాబట్టి చివర్లు చూసుకుని అతకాలి.

ట్రేస్ చేశాక నోడ్‌లు ఎక్కువగా ఉంటే చాలామంది కంట్రోల్, ఎల్ నొక్కి సింప్లిఫై వాడతారు. అది గీతను నున్నగా చేస్తూ నోడ్‌లు తగ్గిస్తుంది, ఆ క్రమంలో పదునైన కొనల్నీ మొద్దుబారుస్తుంది. మనకు అత్యవసరమైన ముక్కు కొన, తోక కొనలే ముందు పోతాయి. అందుకే 50 చుక్కల లోపు పజిల్‌కు ట్రేస్ వెంట పడటం దండగ. ఫొటోను కింది లేయర్‌లో (పొరలో) పెట్టి తాళం వేసి, పై లేయర్‌లో పెన్ టూల్‌తో ఒక్కో వంపు దగ్గరా ఒక్కో క్లిక్ చేసుకుంటూ పోతే పావుగంటలో పని తెములుతుంది. ప్రతి క్లిక్కూ ఒక చుక్క. పెన్‌ను లాగకుండా ఊరికే క్లిక్ చేస్తే తిన్నని గీతలే వస్తాయి, అంటే పజిల్ కలిపాక ఎలా ఉంటుందో గీస్తున్నప్పుడే కనిపిస్తుంది.

ట్రేస్ చేసిన వంపు గీతలతోనే ముందుకు వెళ్తే ఈ పరీక్ష విడిగా చేయాలి. నోడ్ టూల్‌తో అన్ని నోడ్‌లనూ ఎంచుకుని, పైనున్న పట్టీలో గీత ముక్కల్ని తిన్నగా మార్చే బటన్ నొక్కాలి. బొమ్మ ఇంకా గుర్తుపట్టేలా ఉంటే చుక్కలు చాలినట్టు. ఎక్కడ పోలిక చెడిందో అక్కడ డబుల్ క్లిక్‌తో ఇంకో నోడ్ వేయాలి. ఈ ఒక్క పరీక్ష మానేసినందుకే చాలా పజిళ్లు పాడవుతాయి, ఎందుకంటే తెరమీద కనిపించేది నున్నని వంపు గీత, పిల్లలు గీసేది తిన్నని గీత.

అంకెలు వేసే మెట్టు

గీత సిద్ధమయ్యాక దానికో నకలు తీసి వేరే లేయర్‌లో దాచాలి. జవాబు పేజీకి అదే ఆధారం. తర్వాత ఎక్స్‌టెన్షన్స్ మెనూలో విజువలైజ్ పాత్ కింద ఉన్న నంబర్ నోడ్స్ తెరవాలి. అది నాలుగు సంగతులు అడుగుతుంది: అక్షరాల సైజు, చుక్క సైజు, ఏ అంకెతో మొదలు, ఎంత చొప్పున పెరగాలి. సరే అనగానే గీత స్థానంలో చుక్కలు, వాటి పక్కన అంకెలు వస్తాయి.

సైజులు పిక్సెళ్లలో ఇస్తే కొలత పొరబడే వీలుంది. ఇంక్‌స్కేప్ 0.92 నుంచి అంగుళానికి 96 పిక్సెళ్లు, అంతకుముందు 90. ఇప్పటి లెక్కన 10 పిక్సెళ్ల చుక్క 2.6 మి.మీ. ఉంటుంది. చిన్నపిల్లలకు 2 మి.మీ. చుక్క, 12 పాయింట్ల అంకె బాగుంటాయి. పెద్దవాళ్లకు 1 మి.మీ. చుక్క, 8 పాయింట్లు చాలు.

ఎక్కడ మొదలవ్వాలో మార్చాలంటే, కావలసిన నోడ్‌ను ఎంచుకుని షిఫ్ట్, బి నొక్కి గీతను అక్కడ తెంచాలి. అలా తెంచినచోట ఒకదాని మీద ఒకటిగా రెండు నోడ్‌లు మిగులుతాయి, కాబట్టి దాదాపు ఒకే చోట 1, 37 రెండూ పడతాయి. 37ను తీసేసి "చివరి చుక్కను 1తో కలపండి" అని పేజీ మీద రాస్తే సరిపోతుంది. అంకెలు ఎదురు దిక్కులో నడుస్తుంటే పాత్ మెనూలో రివర్స్ ఉంది.

నంబర్ నోడ్స్ ప్రతి అంకెనూ చుక్కకు ఒకే వైపున పెడుతుంది. బొమ్మకు ఒక పక్కన అది అంచుకు బయట పడుతుంది, రెండో పక్కన లోపల పడి కలపబోయే గీతకు అడ్డొస్తుంది. ఇక్కడ చేత్తో సర్దక తప్పదు. అంకెను జరపాలి గానీ చుక్కను కదపకూడదు. ఏ అంకె ఏ చుక్కదో సందేహం రాకుండా ప్రతి అంకే తన చుక్కకే అన్నిటికంటే దగ్గరగా ఉండాలి. చిలుక రెండు కాళ్ల మధ్య ఈ తప్పు ఎక్కువగా దొర్లుతుంది: ఎడమ కాలి 24, కుడి కాలి 29 పక్కపక్కన పడి పిల్లలు ఒకదాన్ని ఇంకోటనుకుంటారు. కాళ్లను కాస్త ఎడం చేసి గీయడమే దీనికి మందు. కాగితం తిప్పితే 6, 9 తారుమారయ్యే చోట అంకె కింద చిన్న గీత పెట్టాలి.

ఒకే గీతలో రాని బొమ్మలు

చుక్కలతో గీసే పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. "15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క" అంటే చాలు, ముగ్గు వేసే చేతికి వాకిట్లో ఎంత చోటు కావాలో అర్థమైపోతుంది. అయితే రెండింటి నడక వేరు. ముగ్గులో చుక్కలు క్రమమైన వరుసల్లో ఉంటాయి, వాటికి అంకెలుండవు. గీత ఎటు నడవాలో వేసేవారికి తెలిసి ఉండాలి. పజిల్‌లో చుక్కలకు అమరిక ఉండదు, వరుసంతా అంకెల్లోనే ఉంటుంది.

కాగితం మీంచి చెయ్యి ఎత్తకుండా, గీసిన గీత మీదే మళ్లీ గీయకుండా ఏ బొమ్మ పూర్తవుతుందో 1736లో గణితవేత్త ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ నగరంలోని వంతెనల లెక్కతో తేల్చాడు. గీతలు కలిసే చోట్లలో బేసి సంఖ్య గీతలు కలిసేవి ఒక్కటీ లేకపోతే, లేదా రెండే ఉంటే, ఏకగీతగా వస్తుంది. చిలుక అంచు ఒక్కటే అయితే ఇబ్బంది లేదు. రెక్క గీత కూడా కావాలంటే అది అంచును రెండుచోట్ల తాకుతుంది, ఆ రెండు చోట్లా మూడేసి గీతలు కలుస్తాయి. బేసి చోట్లు రెండే కాబట్టి ఇప్పటికీ సాధ్యమే, కానీ ఒకచోట మొదలై రెండోచోట ముగియాలి. కన్ను అంచును తాకదు, అది కలవనే కలవదు.

ఇలాంటప్పుడు కొన్ని భాగాలను ముందే అచ్చు వేసి ఇవ్వడం మంచి దారి. కన్ను, ముక్కు రంధ్రం, కాలి కింద కొమ్మ గీసిపెట్టి మిగతాది చుక్కలకు వదలవచ్చు. రెండో దారి రెండు వరుసలు పెట్టడం: అంచుకు నిండు చుక్కలు 1 నుంచి 36, రెక్కకు ఖాళీ సున్నాలు 41 నుంచి 52. రెక్క గీతకు విడిగా నంబర్ నోడ్స్ నడిపి మొదలు అంకె దగ్గర 41 ఇవ్వాలి. ఈ రెండు గీతల్ని కంబైన్ చేసి (ఒకే పాత్‌గా కలిపి) ఒకేసారి అంకెలు వేస్తే లెక్క ఆగకుండా సాగిపోయి అంచు చివరి చుక్క నుంచి రెక్కకు లేని గీత ఒకటి పుట్టుకొస్తుంది.

కోరెల్‌డ్రాలో, ఇల్లస్ట్రేటర్‌లో

మన ఊళ్లలో డీటీపీ, ఫ్లెక్సీ పని ఎక్కువగా నడిచేది కోరెల్‌డ్రా మీద. దానిలోని పవర్‌ట్రేస్‌లో సెంటర్‌లైన్ పద్ధతి ఉంది. నోడ్‌లకు అంకెలు వేయాలంటే మాక్రో, అంటే ఆ పనిని తానే చేసే చిన్న ప్రోగ్రాం, రాసుకోవాలి. ఇల్లస్ట్రేటర్‌లోనూ అంతే, గీతలోని బిందువుల్ని ఒక్కొక్కటిగా చదివి పక్కన అంకె పెట్టే చిన్న స్క్రిప్ట్ కావాలి. ఇల్లస్ట్రేటర్‌లో గీతను చుక్కల గీతగా మార్చే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది: డ్యాష్ సున్నా, గీత చివర గుండ్రం, మధ్య ఖాళీ కావలసినంత. చూడటానికి చక్కగా ఉంటుంది గానీ చుక్కలన్నీ సమాన దూరంలో పడతాయి, కొనల సంగతి దానికి పట్టదు. కోరెల్‌డ్రా అలవాటున్నవారు గీత అక్కడే గీసి, ఎస్‌వీజీ అనే వెక్టర్ ఫైల్‌గా భద్రపరచి, అంకెలకు మాత్రం ఇంక్‌స్కేప్ తెరవడమే సులువు.

అంకెల బదులు అక్షరాలు

క నుంచి మ దాకా వర్గాక్షరాలు 25. ఒకటో తరగతి పిల్లలకు సరిగ్గా సరిపడే చుక్కల సంఖ్య. నంబర్ నోడ్స్ అంకెలే ఇస్తుంది కాబట్టి తర్వాత మార్చుకోవాలి. ఎస్‌వీజీ ఫైల్ లోపల ఉండేది మామూలు రాతే. నోట్‌ప్యాడ్ లాంటి దానిలో తెరిచి అంకెను దాని రెండు పక్కలున్న కోణపు గుర్తులతో సహా వెతికి అక్షరంతో మార్చవచ్చు. గుర్తులు వదిలేసి ఒట్టి 1ని మారిస్తే 10, 11లతో పాటు ఫైల్‌లోని కొలతలు కూడా చెడి బొమ్మ తెరుచుకోదు.

అక్షరాలు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే సంకేతాల) ఫాంట్‌లోనే ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు నిజానికి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. ఘ, ఝ లాంటివి అంకెల కంటే వెడల్పు కాబట్టి చుక్కల మధ్య కనీసం 10 మి.మీ. ఉంచాలి.

అచ్చుకు ఇచ్చే ముందు

అక్షరాలన్నిటినీ ఆబ్జెక్ట్ టు పాత్‌తో గీతలుగా మార్చి, తర్వాత పీడీఎఫ్ తీయాలి. ఫాంట్ మారి అంకెలు జరిగిపోయే ప్రమాదం అప్పుడు ఉండదు. మార్చకముందు ఫైల్‌ను విడిగా దాచుకోవాలి, తర్వాత దిద్దడం కుదరదు. ప్రింటర్ పెట్టెలో "పేజీకి సరిపెట్టు" అన్నది తీసేసి 100 శాతం పెట్టాలి, లేకపోతే బొమ్మ కుంచించుకుపోయి లెక్క చూసి పెట్టిన అంకెలు మరీ చిన్నవవుతాయి. ఆఫ్‌సెట్‌కు, అంటే ప్లేట్లతో వేసే అచ్చుకు, వెళ్తుంటే నలుపును ఒకే రంగుగా మార్చమని ప్రెస్‌కు చెప్పాలి. ఇంక్‌స్కేప్ పీడీఎఫ్‌లోని నలుపు నాలుగు సిరాల మిశ్రమంగా అచ్చయితే, ప్లేట్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా 8 పాయింట్ల అంకెల చుట్టూ రంగు అంచులు కనిపిస్తాయి.

చివరగా ఒక కాగితం ముద్రించి, బొమ్మ ఏమిటో తెలియని మనిషికి పెన్సిల్ ఇచ్చి చూడాలి. ఎక్కడ చెయ్యి ఆగి అంకె కోసం వెతుకుతుందో అక్కడ చుక్క సర్దాలి. నాలుగో వంతు చుక్కలు కలపకముందే బొమ్మ పేరు చెప్పేస్తే మొదలు అంకెను వేరే చోటికి మార్చాలి.